‘ఇల్లీగల్’ పక్కన మనిషి ఏడీ?

అమెరికాలో తెలుగు పత్రికలు, వెబ్ పత్రికలు, టీవీ చానళ్లు నడుపుతున్న సంపాదకులకు,



మీరు దాదాపు రోజూ వాడే రెండు ఇంగ్లీషు మాటల గురించి ఈ ఉత్తరం. ఒకటి ఇమ్మిగ్రంట్, రెండోది ఇల్లీగల్. వీసా వార్తల్లో, బహిష్కరణ వార్తల్లో ఇవి అన్నదమ్ముల్లా పక్కపక్కనే కనబడుతున్నాయి. ఇమ్మిగ్రంట్స్ ఒక గుంపు, ఇల్లీగల్స్ ఇంకో గుంపు అన్నట్టు శీర్షికలు వస్తున్నాయి. కానీ ఇవి ఒక జాతి మాటలు కావు. మొదటిది మనిషిని చెప్పే నామవాచకం. రెండోది విశేషణం, అదీ ప్రధానంగా పనికి, వస్తువుకి, ఒప్పందానికి పెట్టే విశేషణం. దానికి బహువచనం తగిలించి నామవాచకంలా నిలబెట్టినప్పుడు పోయేది వ్యాకరణ మర్యాద ఒక్కటే అయితే నేనింత రాయను. ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు, ఏ నిబంధన దాటారు అని వార్త చెప్పాల్సిన సంగతి కూడా అక్కడే పోతోంది. అందుకే ఆ వాడుక మానమని, తెలుగులో దానికి నీడలా తిరుగుతున్న ‘అక్రమ వలసదారు’ను కూడా పక్కన పెట్టమని అడుగుతున్నాను.

ముందు మాటల పుట్టుక చూద్దాం. ఇమ్మిగ్రంట్‌కి మూలం లాటిన్‌లో ‘లోపలికి వలస వస్తున్న’ అని అర్థమిచ్చే రూపం. మన వ్యాకరణం దీన్నే ధాతుజ విశేషణం అంటుంది. అంటే పని, ఆ పని చేసేవాడు రెండూ ఆ మాట కడుపులోనే ఉన్నాయి. ‘వస్తున్న’ నుంచి ‘వస్తున్నవాడు’ ఎంత సులువుగా వస్తాడో, ఆ విశేషణం నుంచి ఇమ్మిగ్రంట్ అనే నామవాచకం అంత సులువుగా వచ్చింది. ఇప్పటికీ అది రెండు పనులూ చేస్తుంది, ఇమ్మిగ్రంట్ కుటుంబం అంటే విశేషణం, ఒక ఇమ్మిగ్రంట్ అంటే నామవాచకం. అమెరికాలో మొదట్లో ఎమిగ్రంట్ అనే మాటే ఎక్కువగా నడిచేది. అది విడిచివచ్చిన ఊరివైపు నుంచి చూసే చూపు. జెరెమీ బెల్క్‌నాప్ 1792లో తన న్యూ హాంప్‌షైర్ చరిత్ర మూడో సంపుటంలో ఇమ్మిగ్రంట్ అనే కొత్త మాటను వాడుతూ దాన్ని సమర్థించుకోవాల్సి వచ్చింది. ఇది చేరుకున్న నేలవైపు నుంచి చూసే చూపు. ఒక్క ఉపసర్గ మారితే చూసే గుమ్మం మారిపోయింది.

ఇల్లీగల్ కథ వేరు. చట్టం అనే మాటకి విశేషణ ప్రత్యయం చేర్చి, ముందు లేమిని చెప్పే ఉపసర్గ తగిలిస్తే వచ్చింది. చట్టానికి సరిపడనిది అని అర్థం. ఇందులో క్రియ లేదు, చేసేవాడు లేడు. ఇల్లీగల్ పార్కింగ్, ఇల్లీగల్ కట్టడం అంటే పనినో వస్తువునో వర్ణిస్తుంది. మనుషులకి ఇది నామవాచకంగా అంటుకున్న తొలి సందర్భాల్లో ఒకటి 1930ల చివర్లో, బ్రిటిష్ ఏలుబడిలోని పాలస్తీనాలో కనిపిస్తుంది. హిట్లర్ నుంచి తప్పించుకుని ఓడలెక్కిన యూదులను ఆ పాలన లెక్కల్లోకి ఎక్కించిన పేరు అది. 1939లో బ్రిటిష్ ప్రభుత్వం ఐదేళ్లకు 75,000 మందికి మించి రాకూడదని గీత గీసింది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చిన మనిషి ఆ అంకెకి ఇవతల ఉన్నాడా, అవతల ఉన్నాడా అన్నదాన్ని బట్టి నామవాచకం మారింది. ఆ మాట పుట్టినప్పుడే దాని పని అది. మనిషి గురించి ఏమీ చెప్పదు, అంకె గురించి చెబుతుంది.

ఇప్పుడు దీన్ని తెలుగు వ్యాకరణం ముందు నిలబెట్టండి. ఇంగ్లీషులో బహువచనానికి మనుషులు, వస్తువులు అన్న తేడా లేదు. తెలుగులో ఉంది. వచ్చినవారు వేరు, వచ్చినవి వేరు. చట్టానికి విరుద్ధమైన ‘వారు’ అనాలా, ‘వి’ అనాలా అని మన భాష ప్రతిసారీ నిలదీస్తుంది. ఇల్లీగల్స్ అన్న మాట ఆ నిలదీతను తప్పించుకుపోతుంది. ‘ఇల్లీగల్స్ పట్టుబడ్డారు’ అని మీరు రాసిన వాక్యాన్నే చూడండి. వాళ్లు మనుషులేనని క్రియ చివరి ‘రు’ చెబుతోంది, కర్త స్థానంలో ఉన్న మాట మాత్రం చెప్పడం లేదు. క్రియ లేని శీర్షికల్లో ఆ ఒక్క అక్షరం ఆసరా కూడా ఉండదు. పోనీ, అచ్చంగా తెలుగులోకి మార్చి ‘అక్రమ’కు బహువచనం చేయండి. ‘అక్రమాలు’ అవుతుంది. అక్రమాలు అంటే తెలుగువాళ్లెవరికీ మనుషులు తోచరు. ఇసుక రవాణాలోనో, భూముల రిజిస్ట్రేషన్లోనో జరిగిన పనులే తోస్తాయి. అక్రమం అనేది పనికి ఉండే గుణమని మన భాషకి ముందే తెలుసు.

పేదలు, పెద్దలు అనడం లేదా, అవీ విశేషణాలే కదా అనవచ్చు. నిజమే. అయితే ‘పెద్దలు’ అన్నాక అది మనుషులకే చెల్లుతుంది, పెద్ద గిన్నెలకి చెల్లదు. తరతరాలుగా భాష ఆ మాటల్లో మనిషిని కూర్చోబెట్టింది. ‘పేదవారు’లోని ‘వారు’ వినబడకుండా లోపల ఉండిపోయింది. ఇల్లీగల్స్‌లో ఎవరూ కూర్చోలేదు.

వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచే ఈ మాట అడగడానికి కారణం ఉంది. పాతిక వేల జనాభా కూడా లేని ఈ ఊరు సరిగ్గా ఈ మాటల మీదే ఒకప్పుడు రెండుగా చీలింది. ఎల్డెన్ స్ట్రీట్‌లోని సెవెన్ ఇలెవెన్ దుకాణం ముందు పొద్దున్నే రోజు కూలీలు నిలబడేవారు. ఎక్కువమంది మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చినవాళ్లు. కాంట్రాక్టర్లు ట్రక్కుల్లో వచ్చి పనికి తీసుకుపోయేవారు. హైదరాబాదులో దీన్నే లేబర్ అడ్డా అంటాం, అక్కడ నిలబడేవాళ్లని అడ్డా కూలీలంటాం. పార్కింగ్ స్థలంలో కాకుండా ఒక పద్ధతిగా ఉంటుందని 2005 ఆగస్టులో టౌన్ కౌన్సిల్ కూలీల కేంద్రానికి ఒప్పుకుంది. ఆ డిసెంబరులో అది తెరుచుకుంది. దేశం నలుమూలల నుంచీ టీవీ కెమెరాలు వచ్చాయి, కోర్టులో దావా పడింది, మినిట్‌మెన్ పేరుతో ఏర్పడిన దళం కూలీలని, వాళ్లని పనికి పిలిచేవాళ్లని ఫొటోలు తీసింది. 2006 మే ఎన్నికల్లో కేంద్రాన్ని సమర్థించిన మేయరు, ఇద్దరు కౌన్సిల్ సభ్యులు ఓడిపోయారు. 2007 సెప్టెంబరులో కేంద్రం మూతపడింది.

ఆ గొడవలో ఒకే పేవ్‌మెంట్ మీది మనుషులకి రెండు పేర్లు నడిచాయి. ఒక పక్షం కూలీలు అంది, ఇంకో పక్షం ఇల్లీగల్స్ అంది. కూలీ అన్న మాట వినగానే అడగాల్సినవి కొన్ని ఉంటాయి. కూలి ఎంత, ఎవరు పిలిచారు, పని చేయించుకుని డబ్బు ఎగ్గొడితే ఎవరితో చెప్పుకోవాలి, వానలో ఎక్కడ నిలబడాలి. ఇవి ఒక ఊరి కౌన్సిల్ తేల్చగల సంగతులు. రెండో మాట ఆ ప్రశ్నలన్నిటినీ ఒక్కసారిగా చెరిపేసి, కౌన్సిల్ చేతిలో లేని ఒకే ఒక్క ప్రశ్నను మిగిల్చింది. విలేకరులు గమనించాల్సిన ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. కేంద్రంలో ఎవరి ఇమ్మిగ్రేషన్ పత్రాలూ చూసేవారు కాదు. వ్యతిరేకించినవాళ్ల ప్రధాన అభ్యంతరమే అది. అంటే అక్కడి వరుసలో ఎవరికి ఏ హోదా ఉందో చూసేవాడికి తెలియదు. తెలియకుండానే వరుస మొత్తానికి విశేషణం వేసేశారు. ఆధారం లేకుండా ఒకరిని దొంగ అని రాయడానికి ఏ సంపాదకుడూ ఒప్పుకోడు. ఇక్కడ మాత్రం ఒప్పుకున్నారు.

మన సంగతికి వద్దాం. ‘మేం ఇమ్మిగ్రంట్స్‌మి, వాళ్లు ఇల్లీగల్స్’ అన్నది తెలుగువాళ్ల సంభాషణల్లో తరచు నలిగే వాక్యం. చట్టం లెక్కన ఇందులో మొదటి సగమే చాలామంది విషయంలో తప్పు. 1952 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం పౌరుడు కాని దాదాపు ప్రతి మనిషినీ ఏలియన్ అంటుంది. అందులో కొన్ని తరగతులను విడదీసి నాన్‌ఇమ్మిగ్రంట్ అంటుంది. ఆ తరగతుల్లోకి రాని ఏలియన్ ఇమ్మిగ్రంట్. హెచ్‌ వన్ బీ మీద పదిహేనేళ్లుగా ఇక్కడ ఇల్లు కొనుక్కుని ఉంటున్న ఇంజినీరు ఆ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రంట్. ఎఫ్ వన్ విద్యార్థీ అంతే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో న్యూయార్కులో కన్నుమూసేవరకూ పౌరసత్వం లేకుండానే ఉన్నారు. ఎన్నో మందులకు దారి చూపిన ఆ శాస్త్రవేత్త కూడా అప్పటి చట్టం భాషలో ఏలియనే. అంతటివాడిని అలా అన్నారని వాపోవడానికి ఈ మాట ఎత్తలేదు. ఈ నామవాచకాలకి మనిషి ఎవరో పట్టదని, అవి దస్త్రాల గడులని చెప్పడానికే. గడి పేరు మనిషి పేరు కాదు.

రెండో సగం ఇంకా బలహీనం. ఉద్యోగం పోయిన హెచ్‌ వన్ బీ వాళ్లకి 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువుంటుంది. అరవయ్యో రోజు రాత్రి పడుకున్న మనిషే అరవై ఒకటో రోజు పొద్దున లేస్తాడు. అదే చదువు, అదే పన్నుల చరిత్ర, బడికి తయారవుతున్న ఆ పిల్లలే. మారింది ఒక్క తేదీ. మనవాళ్లు దీనికి వాడే మాట చాలా కచ్చితమైనది: ‘అవుట్ ఆఫ్ స్టేటస్’. ఫలానావాడు అవుట్ ఆఫ్ స్టేటస్ అయ్యాడంటారు తప్ప ఫలానావాడు ఒక ఇల్లీగల్ అనరు. తెలిసినవాడైతే క్రియ వాడుతున్నాం, తెలియనివాడైతే నామవాచకం వాడుతున్నాం.

ఇది ఊహాగానం కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన విద్యార్థుల్లో కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు వేశారు. అదే ఏడాది జూలైలో ఫెడరల్ అధికారులు సోదాలు చేసిన యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ వర్జీనియా మా ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలోనే, ఆనన్‌డేల్‌లో ఉండేది. అక్కడా తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదివారు. 2019లో మిషిగన్‌లో ప్రభుత్వమే ఏర్పాటు చేసిన బూటకపు ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో దాదాపు 130 మంది విద్యార్థులను నిర్బంధించారు, ఒకరిద్దరు తప్ప అందరూ భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. అప్పుడు తెలుగు పత్రికలు ‘మోసపోయిన విద్యార్థులు’ అని రాశాయి. కొందరు తెలిసే చేరారన్న వాదన ఉన్నా, విచారణ జరిగేదాకా తొందరపడలేదు. ఆ నిదానం సరైనదే. ఆ నిదానాన్ని ఎల్డెన్ స్ట్రీట్ కూలీకి కూడా ఇవ్వమంటున్నాను.

చట్టాన్ని దాటినమాట నిజమైతే చెప్పొద్దా అని మీరు అడగవచ్చు. తప్పకుండా చెప్పాలి, సరిగ్గా చెప్పాలి. సరిహద్దులో తనిఖీ లేకుండా లోపలికి రావడం ఫెడరల్ చట్టంలో నేరం. వీసా మీద వచ్చి గడువు దాటాక ఉండిపోవడం సాధారణంగా సివిల్ ఉల్లంఘన. తొలగించదగిన మనిషి దేశంలో ఉండటమే మామూలుగా నేరం కాదని 2012లో అరిజోనా కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఆశ్రయం కోరి దరఖాస్తు పెట్టుకుని విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్ల పరిస్థితి ఈ రెంటికీ వేరు. ఇల్లీగల్స్ అన్న ఒక్క మాట ఈ తేడాలన్నిటి మీదా ఒకే దుప్పటి కప్పుతుంది. చట్టం మీద గౌరవం ఉన్నవాణ్ణే ఆ దుప్పటి ముందుగా ఇబ్బంది పెట్టాలి. అసోసియేటెడ్ ప్రెస్ 2013 ఏప్రిల్‌లో తన శైలి నియమం మార్చుకున్నది కూడా ఈ తర్కంతోనే: ఇల్లీగల్ అన్నది పనికి వాడండి, మనిషికి వద్దు అని.

భాషాశాస్త్రం తెలిసినవాళ్లు ఇంకో వాదన తేవచ్చు, అది గట్టిది కూడా. క్రిమినల్ లాయర్ అంటే నేరస్తుడైన లాయరు కాదు, నేరాల కేసులు వాదించే లాయరు. విశేషణం పైకి మనిషికి కనబడినా లోపలున్న పనికే చెందుతుంది. అలాగే అక్రమ వలసదారు అంటే అక్రమమైన మనిషి కాదు, ‘అక్రమ వలస’కు ‘దారు’ చేరిందని విడగొట్టుకోవచ్చు కదా. విడగొట్టుకోవచ్చు, ఒప్పుకుంటాను. అందుకే నా అభ్యంతరం తెలుగు పదబంధం మీద కన్నా ఇంగ్లీషు బహువచనం మీద ఎక్కువ. కానీ ఆ విడదీత ఎంత అస్థిరమో చూడండి. క్రిమినల్ లాయర్లో లాయరును తీసేసి ‘ఈ కేసు మా క్రిమినల్ చూసుకుంటాడు’ అని ఎవరూ అనరు. అన్నారో అర్థం తిరగబడుతుంది. వలసదారు దగ్గర మాత్రం నామవాచకాన్ని రాల్చేసి విశేషణాన్ని మిగుల్చుకున్నాం. అలా మిగిలిన విశేషణానికి అతుక్కోవడానికి లోపల వలస లేదు, మనిషి ఒక్కడే ఉన్నాడు. లైసెన్సు లేకుండా బండి నడిపినవాణ్ణి ఇల్లీగల్ డ్రైవర్ అనం, లైసెన్సు లేకుండా నడిపాడంటాం. అదే చాలు.

ప్రత్యామ్నాయంగా వినబడే ‘అన్‌డాక్యుమెంటెడ్’ను సిఫారసు చేయడం లేదు. జస్టిస్ సొటొమేయర్ 2009లో ఒక తీర్పులో ‘అన్‌డాక్యుమెంటెడ్ ఇమ్మిగ్రంట్’ అని రాసినప్పుడు సుప్రీం కోర్టులో ఆ పదబంధం కొత్త. మర్యాదైన మాటే. కానీ గడువు దాటినవాడి దగ్గర పాస్‌పోర్టు, పాత వీసా, ఐ నైంటీఫోర్ ప్రవేశ పత్రం అన్నీ ఉండవచ్చు. పత్రాలు లేవనడం కూడా సరికాదు. ప్రభుత్వం ఏ మాట వాడితే అదే వాడతామనడానికీ వీల్లేదు. 2021లో ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ సంస్థలు ఏలియన్ మాని ‘నాన్‌సిటిజెన్’ అనమన్నాయి, 2025లో మళ్లీ ఏలియన్‌కి తిరిగాయి. అధ్యక్షుడు మారినప్పుడల్లా మారే నిఘంటువును పట్టుకుని తెలుగు వార్త నడవలేదు.

మాటలో ఏముంది, చట్టం పని చట్టం చేసుకుపోతుంది కదా అనేవాళ్లకి బాపట్ల దగ్గరి స్టూవర్టుపురాన్ని గుర్తు చేస్తాను. బ్రిటిష్ ప్రభుత్వం 1871 చట్టంతో మొదలుపెట్టి కొన్ని సమూహాల ముందు క్రిమినల్ అనే విశేషణం పెట్టింది. ఎరుకలవారిని స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో ఉంచింది దాని తర్వాత వచ్చిన అలాంటి చట్టం కిందే. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. విశేషణం మాత్రం సినిమాల్లో, సామెతల్లో, పోలీసు స్టేషన్లలో బతికే ఉంది. చేసిన పనికి శిక్ష ఒక రోజున ముగుస్తుంది, నామవాచకంగా మారిన విశేషణానికి విడుదల తేదీ ఉండదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచేది గల్ఫ్ విషయం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, కువైట్ వెళ్లినవాళ్లలో ఎందరో యజమాని దగ్గర పాస్‌పోర్టు వదిలి బయటపడ్డవాళ్లున్నారు. కఫీలు అని పిలిచే ఆ యజమాని ఫిర్యాదు చేస్తే హోదా పోతుంది, వీసా చచ్చిపోతుంది. వాళ్ల సొంత మాట ‘ఖల్లివెల్లి’. అరబ్బీలో ‘పోనీ, వదిలెయ్’ అనే పలుకుబడిని తెచ్చి తమ స్థితికి పెట్టుకున్నారు. ఆ దేశాల చట్టం కళ్లకి వాళ్లూ సరిగ్గా ఇల్లీగల్సే. 2018లోనూ 2024లోనూ యుఏఈ క్షమాభిక్ష ప్రకటించింది ఇలాంటి వాళ్లకే. మన పత్రికలు వాళ్లని ఏమంటాయి? గల్ఫ్ బాధితులు అంటాయి. ఏజెంటు ఎవరు, ఎంత అప్పు చేసి వెళ్లాడు, జీతం ఎన్నాళ్లు ఇవ్వలేదు అని రాస్తాయి. నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి అది. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దింపినప్పుడు మాత్రం, వాళ్లూ ఏజెంట్లకి లక్షలు కట్టి అడవులు దాటి వచ్చారని కథనాల్లో రాస్తూనే, శీర్షికల్లో అక్రమ వలసదారులన్నాం. తెలంగాణ పల్లె నుంచి వెళ్తే బాధితుడు, పంజాబ్ పల్లె నుంచో ఎల్ సాల్వడార్ నుంచో వస్తే అక్రమం. హోదా ఒకటే, దూరం మారింది. భాష దూరాన్ని బట్టి మారుతోందంటే అది చట్టాన్ని చెప్పడం లేదన్నమాట.

పచ్చకార్డు వరుసలో దశాబ్దం పైగా నిలబడ్డవాళ్ల ఉక్రోషం నాకు తెలుసు. నియమాలన్నీ పాటించి మేం వేచి ఉంటే, పాటించనివాళ్లకి మర్యాద మాటలా అని అడుగుతారు. ఆ ఆవేదనకు కారణం ఒక్కో దేశానికి ఏడు శాతం అనే పరిమితి, దాన్ని మార్చని కాంగ్రెస్. అడ్డా మీద నిలబడ్డ కూలీ ఆ వరుసలో ఒక్క స్థానం కూడా తీసుకోలేదు. అతన్ని ఏ పేరుతో పిలిచినా వరుస ఒక్క అడుగు కదలదు.

అడుగుతున్నది కష్టమైనదేమీ కాదు, పైగా తెలుగుకి ఇంగ్లీషు కన్నా సులువు. మన ధాతుజ విశేషణాలు, వాటి చివర ‘వారు’ ఈ పనికే పుట్టినట్టుంటాయి. వీసా గడువు దాటి ఉంటున్నవారు. తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారు. ఆశ్రయం కోరి తీర్పు కోసం చూస్తున్నవారు. హోదా తెలియకపోతే, ‘అధికారులు నిర్బంధించినవారు’ అనో, ‘అధికారులు వెనక్కి పంపినవారు’ అనో జరిగిన పనిని చెప్పండి, అది మీకు కచ్చితంగా తెలుసు. శీర్షికలో చోటు చాలదంటారేమో. ‘గడువు దాటినవారు’లో ఉన్నవి ఎనిమిది అక్షరాలు, ‘అక్రమ వలసదారులు’లో తొమ్మిది. అక్రమ అన్న మాటను వలస పక్కన, రవాణా పక్కన, ఏజెంటు పుచ్చుకున్న డబ్బు పక్కన నిరభ్యంతరంగా ఉంచండి. మీ విలేకరులకి ఇచ్చే శైలి పత్రంలో ఈ ఒక్క నియమం చేర్చి, ఏ తేదీ నుంచి పాటిస్తారో పాఠకులకి చెప్పండి. చేర్చకూడదనుకుంటే, ఎందుకో కూడా మీ పత్రికలోనే రాయండి. మీ వాదన ఏదైనా చదవడానికి, జవాబు రాయడానికి సిద్ధంగా ఉంటాను.

ఇట్లు,
మీ పాఠకుల్లో ఒకరు
హెర్న్‌డన్, వర్జీనియా